ఉష్ణమండలం వెడల్పెంత?

ఉష్ణమండలం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మనకి చిన్నప్పటి భూగోళం పాఠం గుర్తొస్తుంది: కర్కాటక రేఖకీ మకర రేఖకీ నడుమ ఉన్న పట్టీ. అటు 23.4 డిగ్రీలు, ఇటు 23.4 డిగ్రీలు. ఇవి భూమి అక్షం వంపుని బట్టి గీసిన గీతలు. మన జీవితకాలంలో చెప్పుకోదగ్గంత కదలవు. కాని గాలికీ వానకీ ఈ గీతలతో పని లేదు. వాతావరణ శాస్త్రవేత్తల ఉష్ణమండలానికి సరిహద్దు వేరు. పైగా అది కదులుతుంది. కంటికి కనిపించని ఆ సరిహద్దుని కొలవడం ఎలా?

ముందు గాలి సంగతి చూద్దాం. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన తేమగాలి పైకి లేచి వాన కురిపిస్తుంది. తరవాత ధ్రువాల వైపు మళ్ళి, సుమారు 30 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడిగాలిగా కిందికి దిగుతుంది. 1735లో వ్యాపార పవనాలకి కారణం వివరించిన జార్జ్ హాడ్లీ పేరు మీద దీన్ని హాడ్లీ చక్రం అంటారు. దిగే గాలి మబ్బు కట్టనివ్వదు. సహారా, ఆస్ట్రేలియా ఎడారులు ఆ ప్రాంతంలోనే ఉండటానికి ఇదే ముఖ్య కారణం. గాలి దిగే ఆ చోటే ఉష్ణమండలపు అంచు.

చిక్కేమిటంటే, ఆ దిగడం మహా నెమ్మది. సగటున సెకనుకి సెంటీమీటరు కూడా ఉండదు. నేరుగా కొలవలేం. అందుకే శాస్త్రవేత్తలు తల పైకెత్తి కప్పు వైపు చూశారు.

పైకి వెళ్ళేకొద్దీ గాలి చల్లబడుతుంది. ఒక ఎత్తు దగ్గర ఆ చల్లబడటం ఆగిపోతుంది. ఆ హద్దు పేరు ట్రోపోపాజ్. ఉష్ణమండలం మీద ఇది 16, 17 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అంచు దాటగానే 12 కిలోమీటర్లకో, ఇంకా కిందికో పడిపోతుంది. పెంకుటింటి నడిల్లు ఎత్తుగా ఉండి, వసారా దగ్గర కప్పు ఒక్కసారిగా దిగినట్టన్నమాట. ఆ మెట్టు ఎక్కడుందో కనుక్కుంటే అంచు దొరికినట్టే.

దానికి మూడు దారులున్నాయి. ఒకటి, పరికరం కట్టి ఎగరేసే బెలూన్లు. హైదరాబాదు, విశాఖపట్నం నుంచి కూడా ఎగరేస్తారు. రెండు, జీపీఎస్ సంకేతాలు. అవి గాలిలోంచి వస్తూ ఎంత వంగాయో మరో ఉపగ్రహం కొలిస్తే ఉష్ణోగ్రత తెలుస్తుంది. ఇందుకోసం 2006లో తైవాన్, అమెరికా కలిసి ఆరు కాస్మిక్ ఉపగ్రహాలని పంపాయి. మూడు, ఓజోన్, కప్పు ఎత్తుగా ఉన్నచోట మొత్తం ఓజోన్ తక్కువ.

2007లో డయాన్ సైడెల్, విలియం రాండెల్ ఒక లెక్క వేశారు. కప్పు 15 కిలోమీటర్ల పైన ఉండే రోజులు ఏడాదికి 200 దాటితే అది ఉష్ణమండలం. ఆ లెక్కన 1979 నుంచి 2005 దాకా పట్టీ 5 నుంచి 8 డిగ్రీలు వెడల్పయింది! ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు. ఆశ్చర్యపోవలసిన సంఖ్యే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. భూమి వేడెక్కితే కప్పు మొత్తం కాస్త పైకి లేస్తుంది. అప్పుడు గోడ కదలకపోయినా 15 కిలోమీటర్ల గీత దాటే రోజులు పెరుగుతాయి. ఎంచుకున్న గీతని బట్టి జవాబు మారిపోతుందని 2010లో థామస్ బిర్నర్ చూపించాడు. ఆ తరవాత పలువురు కలిసి కొలతలన్నీ సరిచూశారు. మొదట్లో దశాబ్దానికి 0.25 నుంచి 3 డిగ్రీల దాకా ఉన్న అంచనాలు, 2020 నాటి సమీక్షలో 0.25 నుంచి 0.5 డిగ్రీలకి దిగాయి. కప్పు కొలతలు కొన్ని కింద గాలి దిగే చోటుని సరిగా పట్టివ్వవని తేలింది.

దక్షిణార్ధగోళంలో ఈ విస్తరణకి గ్రీన్‌హౌస్ వాయువులు, ఓజోన్ తరుగుదల ముఖ్య కారణాలై ఉండవచ్చు. ఉత్తరాన జరిగిన దానిలో ఎక్కువ భాగం సహజమైన ఒడిదుడుకులకి లోబడే ఉంది.

ఇదంతా మనకెందుకంటారా? డాలస్, ఫీనిక్స్, లాస్ ఏంజెలెస్, పెర్త్, కేప్‌టౌన్ - మనవాళ్ళున్న ఈ ఊళ్ళన్నీ 31 నుంచి 35 డిగ్రీల మధ్య, ఆ అంచు చుట్టుపక్కలే ఉన్నాయి. అంచు దశాబ్దానికి 30 కిలోమీటర్లు జరిగినా, శీతకాలపు వాన మీద బతికే ఊళ్ళకి నీటి లెక్క మారుతుంది. కాబట్టి "ఉష్ణమండలం విస్తరిస్తోంది" అన్న వార్త చదివినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఎంత అని కాదు, ఏ అంచుని పట్టుకుని కొలిచారు అని.