నడిపించేది ఒక్కరు కాదు



పక్షవాతం వచ్చినవారిని మా ఫిజియోథెరపీ విభాగానికి తీసుకొచ్చే బంధువులు ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "మా మనిషి మళ్లీ నడుస్తాడా?" కొత్తలో మేము కూడా ఆ ఒక్క ప్రశ్నకే జవాబు వెతికేవాళ్లం. ఇరవై ఏళ్ల క్రితం మా విభాగమంటే ఒక గది, నడక నేర్పే రెండు కమ్మీలు, ఒక కప్పీ తాడు, ఒకే ఒక్క ఫిజియోథెరపిస్టు. డాక్టరుగారు చీటీ రాసి పంపేవారు. మేము వ్యాయామం చేయించి ఇంటికి పంపేవాళ్లం.

ఆ రోజుల్లో ఒక రైతు సోదరుడు కుడి చేయి, కుడి కాలు పడిపోయి మా దగ్గరకు వచ్చాడు. నాలుగు వారాలు కష్టపడ్డాడు. కర్ర పట్టుకుని వార్డు చివరి వరకు నడిచిన రోజున అందరం దేవునికి స్తోత్రం చెప్పుకున్నాం. మూడు నెలల తర్వాత అతన్ని మంచం మీద మోసుకొచ్చారు. నడుము కింద పుండు పడింది. భుజం కీలు జారింది. విచారిస్తే సంగతులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఇంటి ముందు ఎత్తైన మెట్లు, పెరటి చివర మరుగుదొడ్డి. లేపాలంటే ఇంట్లోవాళ్లు పడిపోయిన చేయి పట్టుకుని లాగేవారు. నయమైందని బీపీ మాత్రలు మానేశారు. ఇవేవీ మేము అడగలేదు. కాలికి వైద్యం చేశాం గాని, ఆ మనిషి ఏ ఇంటికి వెళ్తున్నాడో చూడలేదు. ఆ తప్పు మాది.

వెల్లూరు చూపిన దారి

ఈ పాఠం మిషన్ ఆసుపత్రులకు కొత్తది కాదు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో జరిగిన రోడ్డు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడింది. అయినా ఆమె చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తర్వాత అమెరికాలో పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి, 1963లో వెల్లూరులో ఆ విభాగం బాధ్యత తీసుకున్నారు. 1972లో ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. ఆపరేషనుతో, వ్యాయామంతో పని ముగియదని, మనిషి తన ఇంటికి, తన పనికి తిరిగి చేరాలని ఆమె జీవితమే మనకు చెబుతుంది.

ఇప్పుడు మా పని ఎలా జరుగుతుంది?

వారానికొకసారి అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాం. డాక్టరుగారు బీపీ, షుగరు అదుపు సంగతి చూస్తారు. నర్సమ్మలు పుండ్లు పడకుండా, మూత్రం ఆగిపోకుండా కాపాడతారు. ఫిజియోథెరపిస్టు కూర్చోవడం, నిలబడటం, నడవడం నేర్పుతారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఒంటి చేత్తో చొక్కా తొడుక్కోవడం, స్నానం చేయడం అలవాటు చేయిస్తారు. మాటను, మింగడాన్ని సరిచేసేవారు స్పీచ్ థెరపిస్టు. పాదం ఈడ్చుకుపోకుండా కావలసిన స్ప్లింటు చేయించేవారు మరొకరు. సదరం సర్టిఫికెట్టుకు దారి చెప్పేవారు సోషల్ వర్కరు. దిగులుతో మాట్లాడటం మానేసినవారి పక్కన పాస్టరుగారు కూర్చుంటారు.

అయితే గురి నిర్ణయించేది రోగే. ఒకరికి పొలం గట్టు మీద నడవాలని ఉంటుంది. ఒకమ్మకు తన చేత్తో అన్నం కలుపుకుంటే చాలు. ఆ కోరికను బట్టే అందరి పనీ నడుస్తుంది. ఇంటికి పంపేముందు మెట్లు, మరుగుదొడ్డి, మంచం ఎత్తు తప్పక అడుగుతాం.

ఇంట్లోవారు చేయవలసినవి

మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. పావురం రక్తం పూయడానికి, పసరు పోయించడానికి ఆ సమయం పోగొట్టుకోకండి. మింగగలరో లేదో పరీక్షించకముందు నోట్లో నీళ్లయినా పోయవద్దు. మంచంలో ఉన్నవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పండి. పడిపోయిన చేయి పట్టుకుని ఎన్నడూ లాగవద్దు. డాక్టరు చెప్పకుండా మాత్రలు మానవద్దు.

మన పిల్లలకు ఒక మాట

"ఫిజియోథెరపీ అంటే మర్దనా పనేనా?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. కాదు. ఇది ఇంటరులో బైపీసీ చదివినవారు చేరే డిగ్రీ చదువు. 2021లో పార్లమెంటు చేసిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టంలో దీనికీ చోటుంది. ఓపిక, ఒళ్లు వంచే గుణం, ఇతరుల మాట వినే మనసు ఉన్న పిల్లలకు ఇది మంచి సేవ.

ఆ రైతు సోదరుడు మళ్లీ ఆరు వారాలు మాతో ఉన్నాడు. ఈసారి అతని భార్యకు, కొడుక్కు కూడా నేర్పి పంపాం. మెట్ల పక్కన వెదురు కమ్మీ కట్టించారు. చేయి పూర్తిగా రాలేదు. కానీ ఇప్పుడు పెరట్లోకి తనంతట తానే వెళ్తాడు, ఆదివారం గుడికి నడిచే వస్తాడు.

కపెర్నహూములో ఇంటి కప్పు విప్పి పక్షవాయువు గలవానిని ప్రభువు ముందు దించినవారు నలుగురు. వారి పేర్లు సువార్తలో లేవు. మీ ఇంటి మంచానికి మేము ఒక మూల పట్టుకుంటాం. మిగతా మూలలు మీరు పట్టుకోండి.