చికిత్స మధ్యలో వైద్యుడు తప్పుకొంటే?

అమలాపురం: రాజోలు, కొత్తపేట పల్లెల నుంచి ఒకే వైద్యుని నమ్ముకుని ఏళ్ల తరబడి అమలాపురం వచ్చే రోగులు ఎందరో ఉన్నారు. ఆ వైద్యుడే 'ఇకపై రావద్దు' అంటే మధుమేహ రోగికి మందులు ఆగిపోతాయి. నెలలు నిండిన గర్భిణికి అది ప్రాణసంకటమే.

ఎవరికి వైద్యం చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ వైద్యునికి ఉంది. అయితే చికిత్స చేపట్టిన తరువాత రోగికి, కుటుంబానికి తగినంత ముందుగా తెలియజేయకుండా తప్పుకోరాదని భారత వైద్య మండలి 2002 నాటి నిబంధనలు స్పష్టం చేస్తున్నాయి. జాతీయ వైద్య కమిషన్‌ 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చినా, అదే నెలలో వాటిని నిలిపివేసి పాతవాటినే పునరుద్ధరించింది. గడువు ఎన్ని రోజులన్నది వాటిలో లేదు. మరో వైద్యుడు దొరికే వరకు మందులు ఆగకుండా చూడడమే ధర్మం. వ్యాధి తన అనుభవ పరిధిలో లేకుంటే వైద్యుడు రోగిని తగిన నిపుణుని వద్దకు పంపవచ్చు. అత్యవసర స్థితిలో మాత్రం ఎవరినీ కాదనరాదు.

రోగి కోరితే వైద్య రికార్డులను 72 గంటల్లోగా ఇవ్వాలి. రోగి తనంతట తానే వైద్యుని మార్చుకున్నా ఈ హక్కు ఉంటుంది. ఆ కాగితాలు చేతిలో ఉంటే కొత్త వైద్యునికి పాత చికిత్స తెలుస్తుంది, చేసిన పరీక్షలే మళ్లీ చేయించుకునే ఖర్చు తగ్గుతుంది. చెప్పాపెట్టకుండా వదిలేస్తే రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు.