నీళ్ళ బిల్లులో ఆ ఒక్క లైను

కొన్నేళ్ళ క్రిందటి మాట. ఒక శనివారం ఉదయం కాఫీ తాగుతూ మేరీలాండ్‌లోని మా ఇంటి నీళ్ళ బిల్లు చూస్తున్నాను. వాడిన నీళ్ళకి ఇంత, మురుగునీటికి ఇంత అని వేసి, ఆ కింద 'బే రెస్టొరేషన్ ఫండ్' అంటూ మూడు నెలలకి 15 డాలర్లు! ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారు పక్కనే ఉన్నారు.

"ఏమిట్రా అది?"

"టాయిలెట్ ఫ్లష్ చేసినందుకు పన్ను నాన్నా. ఇక్కడ అందరూ ఫ్లష్ టాక్స్ అనే అంటారు."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఆ డబ్బు ఏం చేస్తారు డాడీ?" అంది. ఏళ్ళ తరబడి కడుతున్నాను గానీ, నాకు జవాబు తెలియదు. ఆ తర్వాత చదివి తెలుసుకున్నది మీతో పంచుకుందామనే ఈ వ్యాసం.

వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ళ ఇళ్ళలో సింకులోంచి జారే నీళ్ళు చాలావరకు చివరికి చేరేది చీసపీక్ బే అనే సముద్రపు పాయకే. పొడవు సుమారు 200 మైళ్ళు, సగటు లోతు మాత్రం దాదాపు 21 అడుగులే. ఆరు రాష్ట్రాలు, డీసీ కలిపి 64 వేల చదరపు మైళ్ళ నేల మీద పడిన వాన దీనిలోకే వస్తుంది. ఆ నేల మీద నివసించేవాళ్ళు సుమారు కోటీ ఎనభై లక్షల మంది. అంతమంది వాడిన నీళ్ళు ఇంత లోతు తక్కువ నీటిలో కలిస్తే ఏమవుతుంది?

మా నాన్నగారు రైతు. ఆయనకి ఒక్క మాటలో అర్థమయింది: "గుర్రపుడెక్క!" ఊళ్ళో మురుగుకాలవ చెరువులో కలిసేచోట గుర్రపుడెక్క ఎలా అల్లుకుపోతుందో మీరూ చూసే ఉంటారు. మురుగులో ఉండే నత్రజని, భాస్వరం మొక్కకి ఎరువే కదా! బే‌లో గుర్రపుడెక్క బదులు కంటికి కనిపించనంత చిన్న నాచు పెరుగుతుంది. అది ఎండని అడ్డుకుంటే అడుగున ఉన్న గడ్డి చస్తుంది. నాచు చచ్చి అడుక్కి చేరి కుళ్ళుతున్నప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ని సూక్ష్మజీవులు వాడేస్తాయి. ఇక చేపలకీ, పీతలకీ ఊపిరాడదు. ఏటా ఎండాకాలంలో బే లోతట్టున ఇలా ఏర్పడే ప్రాంతాన్నే 'డెడ్ జోన్' అంటారు.

1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్ ప్రకారం గొట్టం ద్వారా నదిలోకి మురుగు వదిలే ప్రతివాళ్ళకీ పర్మిట్ ఉండాలి. మొదట్లో చెత్త, క్రిములు తీసేయటం మీదే దృష్టి పెట్టారు. నీళ్ళు తేటగానే కనిపించేవి, కానీ కరిగిన నత్రజని అలాగే ఉండేది. టెస్టులన్నీ పాసయినా ప్రోగ్రాం తప్పుగా నడవటం మా వృత్తిలో మామూలే, ఇదీ అలాంటిదే!

2004లో మేరీలాండ్ చట్టం చేసి ఈ ఫ్లష్ టాక్స్ పెట్టింది. మొదట ఏడాదికి 30 డాలర్లు. 2012లో బే పరీవాహక ప్రాంతంలోని ఇళ్ళకి రెట్టింపు చేశారు. రాష్ట్రంలోని 67 పెద్ద మురుగునీటి శుద్ధి కేంద్రాలని, లీటరుకి 3 మిల్లీగ్రాముల నత్రజని మించకుండా ఆధునీకరించటానికే ప్రధానంగా ఆ డబ్బు. 2010 డిసెంబరు 29న ఈపీఏ బే మొత్తానికీ ఒక బడ్జెట్ గీసింది: ఏడాదికి 18.59 కోట్ల పౌన్ల నత్రజని, అంతకి మించకూడదు. అన్నదమ్ముల పంపకంలా ప్రతి రాష్ట్రానికీ వాటా వేశారు. ఆ వాటాని బట్టే శుద్ధి కేంద్రాల పర్మిట్లలో పరిమితులు రాశారు.

నత్రజనిని తీసేది సూక్ష్మజీవులే. డీసీలో 1937లో మొదలైన బ్లూ ప్లెయిన్స్ కేంద్రానికి మాంట్‌గోమరీ, ప్రిన్స్ జార్జెస్ కౌంటీల నుంచీ, ఫెయిర్‌ఫాక్స్, లౌడన్‌లలో కొంతభాగం నుంచీ మురుగు వస్తుంది. అక్కడ ఒక రకం జీవులు గాలి పీల్చుకుంటూ అమ్మోనియాని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇంకో రకం, గాలి లేనిచోట, ఆ నైట్రేట్‌లోని ఆక్సిజన్ వాడుకుని నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. వాటికి మేతగా మెథనాల్ పోస్తారు. చలికాలంలో మన ఇడ్లీపిండి పులియనని మొరాయించినట్టే, చన్నీళ్ళలో ఇవీ మందగిస్తాయట!

ఫలితం? మురుగునీటి రంగం 2025 లక్ష్యాన్ని దాదాపు పదేళ్ళు ముందే అందుకుందని 2016లో ఈపీఏ ప్రకటించింది. అలాగని కాపలా మానకూడదు. బాల్టిమోర్‌లోని బ్యాక్ రివర్ కేంద్రం నిర్వహణ అధ్వాన్నమైతే, 2022 మార్చిలో రాష్ట్రం జోక్యం చేసుకోవలసి వచ్చింది.

ఇంత చేసినా 2025 గడువు నాటికి బే లక్ష్యం పూర్తిగా నెరవేరలేదు. ఎందుకంటే మిగిలిన ఎరువులో పెద్ద వాటా పొలాల నుంచీ, రోడ్ల నుంచీ, మన లాన్‌ల నుంచీ వస్తోంది. గొట్టానికి అడ్రసు ఉంది, పర్మిట్ ఇవ్వచ్చు. వానలో కొట్టుకుపోయేదానికి అడ్రసేది?

ఇక్కడే నా గుట్టు బయటపడింది. మధ్యాహ్నం వాన వస్తుందని, "నీళ్ళు పెట్టే పని తప్పుతుంది" అనుకుంటూ నేను లాన్‌కి ఎరువు చల్లటానికి బయలుదేరాను. నాన్నగారు గరాజ్ దగ్గరే ఆపేశారు.

"పెద్ద వాన ముందు పొలానికి కూడా యూరియా వెయ్యంరా. డబ్బులు కాలవలో పోసినట్టే. ఇంతకీ ఈ గడ్డి ఎవరు తింటారు?"

నా దగ్గర జవాబు లేదు. పక్కింటాయన లాన్ కన్నా మాది పచ్చగా ఉండాలన్న ఆశ తప్ప! తర్వాత చూస్తే, మేరీలాండ్ 2011లో చేసిన ఎరువుల చట్టం చెప్పేదీ అదే. భారీ వాన సూచన ఉంటే వెయ్యకూడదు. నవంబరు 15 నుంచి మార్చి 1 వరకు అసలే వెయ్యకూడదు. మట్టి పరీక్షలో అవసరమని తేలితే తప్ప, మామూలుగా పాత లాన్‌కి భాస్వరం వాడకూడదు. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు మీ నిబంధనలు ఒకసారి చూసుకోండి. కోసిన గడ్డిని లాన్ మీదే వదిలేస్తే కొంత ఎరువు ఊరికే దొరుకుతుంది. రోడ్డు మీద పడ్డ గుళికలని లోపలికి ఊడ్చేయండి.

ఆ బస్తా ఆ రోజు గరాజ్‌లోనే ఉండిపోయింది. అన్నట్టుగానే మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. మా అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి, వీధి చివర డ్రెయిన్‌లోకి పోతున్న నీళ్ళని చూస్తూ, "తాతయ్యా, ఈ నీళ్ళకి బిల్లు రాదు కదా?" అంది.

"రాదమ్మా. అందుకే మనమే చూసుకోవాలి" అన్నారు ఆయన.