850 టన్నులు దాటితేనే లాభం

ప్రొద్దుటూరులో నగ కొన్నప్పుడు అంగడివాళ్లు ఇచ్చే బిల్లు ఎప్పుడైనా తీరిగ్గా చదివారా? బంగారం ధర ఒక వరుస, తరుగు ఒక వరుస, మజూరీ ఇంకో వరుస. ఎక్కడ బేరమాడాలో కొనేవాళ్లకు తెలుసు. అదే జిల్లాలో పులివెందుల వైపు చీనీ (బత్తాయి) రైతుకు ఆ సౌకర్యం లేదు. కాయ కాటా ఎక్కాక టన్నుకు ఇన్ని కిలోలని ‘సూటు’ తీసేస్తారు. మిగిలినదానికే ధర కడతారు. సూటుకు బిల్లులో వరుస ఉండదు.

నలుగురికి మేలు చేస్తూ నాలుగు డబ్బులు సంపాదించే వ్యాపారం పెట్టాలని ఈమధ్య మన పట్టణాల్లో చదువుకున్న పిల్లలు చాలామంది అంటున్నారు. సోషల్ ఎంటర్‌ప్రైజ్ అని పేరు కూడా పెట్టుకుంటున్నారు. మంచి మాటే. కానీ ఆ లాభం ఎవరి జేబులోంచి వస్తుందో ముందు తేల్చుకోవాలి. వృథాలోంచి, దొంగ తూకంలోంచి, అడ్డగోలు కోతలోంచి వస్తే అది నిలబడే లాభం. పేదవాడి అవసరంలోంచే వస్తే అది పాత వడ్డీ వ్యాపారమే.

చీనీనే తీసుకుని ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి ధరలతో మార్చుకోండి. టన్ను ధర 20,000 రూపాయలు, సూటు టన్నుకు 100 కిలోలు అనుకుందాం. ఒక రైతు 5 టన్నులు తెస్తే 500 కిలోలు, అంటే 10,000 రూపాయలు, కాటా దగ్గరే పోయాయి. కొంతమంది రైతులు కలిసి కంపెనీ పెట్టుకుని, సూటు లేకుండా ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, అమ్మిపెట్టినందుకు 4 శాతం తీసుకున్నారనుకోండి. అదే రైతు కట్టేది 4,000. అతనికి 6,000 మిగిలింది, కంపెనీకీ ఆదాయం వచ్చింది. ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోలేదు, సూటు తినేవాళ్లది తప్ప.

ఇప్పుడు కంపెనీ ఖర్చు చూద్దాం. మేనేజరు జీతం నెలకు 25,000, అంటే ఏడాదికి 3 లక్షలు. కాటా చూసి లెక్కలు రాసే మనిషికి నెలకు 15,000, అంటే 1.8 లక్షలు. షెడ్డు బాడుగ, క్రేట్లు, ఆడిటరు ఫీజు అన్నీ కలిపి 2 లక్షలు. మొత్తం 6.8 లక్షలు. టన్నుకు 800 ఆదాయం కాబట్టి సరిగ్గా 850 టన్నుల దగ్గర ఖర్చు గిట్టుతుంది. 1,000 టన్నులు అమ్మితే 1.2 లక్షల లాభం, 800 దగ్గర ఆగిపోతే 40,000 నష్టం. ధర టన్నుకు 10,000కు పడిపోయిందా, 1,700 టన్నులు అమ్మాల్సిందే. చీనీ ధర ఎలా పడుతుందో ఆ రైతులకు నేను చెప్పాలా? అందుకే కమిషన్ శాతంలో కాకుండా టన్నుకు ఇంత అని పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. రైతుకు డబ్బు ఆ రోజే కావాలి. దూరపు మార్కెట్ వ్యాపారి మూడు వారాలకు గానీ ఇవ్వడు. వారానికి 60 టన్నులంటే 12 లక్షలు, మూడు వారాలకు 36 లక్షలు చేతిలో ఉండాలి. 300 మంది రైతులు తలా 2,000 వాటా కడితే 6 లక్షలు. 2020లో కేంద్రం తెచ్చిన రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకంలో దానికి సరిసమానంగా, రైతుకు 2,000 మించకుండా, గ్రాంటు ఇస్తారు. మొత్తం 12 లక్షలైంది. మిగతా 24 లక్షలు 12 శాతం వడ్డీకి నాలుగు నెలలు తెస్తే వడ్డీ 96,000. పైన చెప్పిన 1.2 లక్షల లాభంలో మిగిలేది 24,000!

ఆ పథకమే నిర్వహణ ఖర్చుకు మూడేళ్లలో 18 లక్షల దాకా ఇస్తుంది, అంటే ఏడాదికి 6 లక్షలు. మన 6.8 లక్షల్లో దాదాపు అంతా అదే భరిస్తుంది. మూడేళ్లు కంపెనీ లాభాల్లో ఉన్నట్టే కనబడుతుంది. నాలుగో ఏడు సాయం ఆగాక గానీ అసలు సంగతి తేలదు. మొదటి ఏడు నుంచే సాయం పక్కనపెట్టి లెక్క రాసుకునేవాళ్లు బాగుపడతారు.

పోనీ 850 టన్నులు అందని ద్రాక్షా? 300 మందికి పంచితే తలకు మూడు టన్నులు కూడా రాదు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు వెళ్లిన అరటి రైలు ఒక్కటే 43 కంటెయినర్లలో 980 టన్నులు మోసింది. అందులో పులివెందుల గెలలూ ఉన్నాయి. సరుకుకు కొదవ లేదు. కానీ ఎరువులకో, కూతురి పెళ్లికో మండీ యజమాని ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు, కాయ అక్కడికే పోతుంది. మీ కంపెనీ పోటీ పడాల్సింది ఆ అడ్వాన్సుతో.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. పదిమంది రైతులుంటే ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టుకోవచ్చు. వాటా ఎంతున్నా మనిషికి ఒక్కటే ఓటు. కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద పెడితే లాభం పంచుకోవడానికి వీల్లేదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం మూడో దారి. ఉమ్మడి కరీంనగర్ జిల్లా ముల్కనూరు మహిళల డెయిరీ ఆ చట్టం కిందే పుట్టి, 2002లో మొదలై, ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతోంది. పాలు పోసే ఆడవాళ్లే దానికి యజమానులు. మిగులు వాళ్లకే బోనస్‌గా తిరిగి వస్తుంది.

పేదవాడి అవసరంలోంచి వచ్చే రెండో రకం లాభం ఎక్కడికి పోయిందో కూడా మనం చూశాం. మెదక్ జిల్లాలో స్వచ్ఛంద సంస్థగా మొదలైన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010లో 985 రూపాయల షేరుతో మార్కెట్‌కెక్కింది. పేదరికం పోగొట్టడం, మదుపరులకు లాభం ఇవ్వడం రెండూ ఒకేసారి అన్నారు. ఆ ఏడాది అక్టోబరులోనే, వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య, రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ కంపెనీలన్నింటి మీదా ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు కుప్పకూలాయి. మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు మైక్రోఫైనాన్స్ వడ్డీకి 26 శాతం హద్దు పెట్టింది.

అప్పట్లో వారం వారం కట్టే అప్పుల లెక్క ఎలా ఉండేదంటే, 10,000 అప్పుకు వారానికి 225 చొప్పున 50 వారాలు. మొత్తం 11,250. చూడ్డానికి పన్నెండున్నర శాతమే. కానీ అసలు ప్రతి వారం తగ్గుతూ వస్తుంది కాబట్టి సగటున చేతిలో ఉన్నది సుమారు 5,000. దాని మీద 1,250 అంటే దాదాపు 25 శాతం. ఇదీ బిల్లులో కనబడని సూటే.

జమ్మలమడుగు వైపు నేతకూ లాభం ఎక్కడి నుంచి వస్తుందన్నదే గీటురాయి. చీర ధర పెంచేసి అందులో నేతగాడికి వంద ఎక్కువ ఇవ్వడం సులువు. వానకు మగ్గం గుంటలోకి నీళ్లొచ్చి పని ఆగిన రోజుల్ని తగ్గించడం, అమ్ముడుపోని చీరల్లో ఇరుక్కున్న డబ్బును విడిపించడం కష్టం. వ్యాపారం ఉన్నది ఆ కష్టంలోనే.

పేరు, లోగో, రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక నోటుబుక్కు కొనుక్కుని, కాయ వచ్చే కాలంలో ఒక వారం చీనీ కాటా దగ్గర నిలబడండి. ఎన్ని టన్నులు వచ్చాయి, సూటు ఎంత తీశారు, డబ్బు ఏ రోజు చేతికొచ్చింది, అడ్వాన్సు ఎవరిది, ఈ నాలుగూ రాసుకోండి. 850 టన్నులు దాటే దారి ఆ పుస్తకంలో కనబడితే దిగండి. కనబడకపోతే ఆ ఏడు ఆగండి.