బంగారు తల, మట్టి పాదాలు: దానియేలు ప్రవచనాలపై అపోహలు – వాస్తవాలు

పశ్చిమాసియాలో యుద్ధం మొదలైతే చాలు, దానియేలు, ప్రకటన గ్రంథాల పేర్లు మళ్లీ మోగుతాయి. యూట్యూబ్ ప్రసంగాల్లో తేదీలు, పటాలు, దేశాల పేర్లు వరుస కడతాయి. వినేవాళ్లు భయపడతారు. కొందరు ఆ భయాన్నే విశ్వాసం అనుకుంటారు. హింసలు పడుతున్నవాళ్లకు ధైర్యం చెప్పడానికి రాసిన పుస్తకాలతో ఇలా జనాన్ని బెదిరించడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: లెక్క సరిగ్గా వేస్తే క్రీస్తు రాకడ తేదీ తెలిసిపోతుంది.

వాస్తవం: ఈ లెక్కను ఎంతో నిజాయితీగా వేసినవాడు విలియం మిల్లర్. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు రైతు, బాప్టిస్టు. దానియేలు 8వ అధ్యాయంలోని 2,300 దినాలను సంవత్సరాలుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కకట్టి, 1843 ప్రాంతంలో క్రీస్తు తిరిగి వస్తాడన్నాడు. అది జరగకపోవడంతో ఆయన ఉద్యమంలోనివాళ్లు 1844 అక్టోబరు 22 అని ఖాయం చేశారు. కొందరు రైతులు చేతికొచ్చిన పంటను కోయకుండా వదిలేసి ఎదురుచూశారు. ఆ రాత్రి కూడా మామూలుగానే తెల్లారింది. చరిత్రలో దానికి 'మహా నిరాశ' అనే పేరు మిగిలింది. ఆ దినం, ఆ గడియ తనకూ తెలియవనీ, తండ్రికే తెలుసనీ యేసు చెప్పినట్టు మార్కు సువార్త 13వ అధ్యాయంలో ఉంది. కుమారుడే తెలియదన్న సంగతిని మనం కాగితం మీద తేల్చేస్తామా?

అపోహ: నెబుకద్నెజరు కలలోని విగ్రహానికున్న పది కాలివేళ్లు నేటి ఐరోపా దేశాలే.

వాస్తవం: దానియేలు 2వ అధ్యాయం తెరిచి చూడండి. బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి తొడలు, ఇనుప కాళ్లు, ఇనుమూ మట్టీ కలిసిన పాదాలు. వేళ్ల మాట ఉంది గానీ పది అన్న అంకె లేదు. పది కొమ్ములున్నది 7వ అధ్యాయంలోని మృగానికి. ఇక ఆ కలలో ఇది ఫలానా అని దానియేలు విప్పి చెప్పింది బంగారు తల ఒక్కదాని గురించే: అది బబులోను రాజు నెబుకద్నెజరు. తక్కినవి మాదీయ-పారసీక, గ్రీకు, రోమా రాజ్యాలని జెరోమ్ లాంటి పాతకాలపు వ్యాఖ్యాతలు అన్నారు. నేటి పండితుల్లో చాలామంది మాదీయ, పారసీక, గ్రీకు రాజ్యాలంటారు. యెరూషలేము దేవాలయాన్ని గ్రీకు వంశపు రాజు అంతియొకస్ ఎపిఫనేస్ అపవిత్రం చేసిన రోజుల్లో, క్రీ.పూ. 167–164 మధ్య ఈ పుస్తకం తుదిరూపం తీసుకుందని వాళ్ల అభిప్రాయం. బబులోను చెరకాలంలో దానియేలే రాశాడన్నది సంప్రదాయ విశ్వాసం. ఏది ఒప్పుకున్నా నేటి ఐరోపా దేశాలకు ఇందులో చోటు దొరకదు. 1981లో గ్రీస్ చేరి ఐరోపా కూటమి పది దేశాలైనప్పుడు ప్రవచనం నెరవేరిందని కొందరు సంబరపడ్డారు. 1986లో స్పెయిన్, పోర్చుగల్ చేరడంతో పన్నెండయ్యాయి.

అపోహ: ప్రకటన గ్రంథంలోని 666 అంటే బార్‌కోడ్, లేదా టీకా.

వాస్తవం: హెబ్రీ అక్షరాలకు అంకెల విలువ ఉంటుంది. 'నీరో కైసరు' అన్న పేరును ఆ అక్షరాల్లో రాసి కూడితే 666 వస్తుంది. ఒక అక్షరం తగ్గించి రాస్తే 616. కొన్ని ప్రాచీన ప్రతుల్లో 616 అనే ఉంది కూడా. నీరో చేత చిత్రహింసలు పడిన సంఘానికి ఆ గుర్తు ఎవరిదో ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

అపోహ: నెబుకద్నెజరు కలలో ఆ విగ్రహాన్ని పగలగొట్టిన రాయి మనమే, కాబట్టి రాజ్యాన్ని దేవుడి పేరిట మనమే చేతిలోకి తీసుకోవాలి.

వాస్తవం: ఇంగ్లండులో 1649లో మొదటి చార్లెస్ తల నరికాక, నాలుగు రాజ్యాలూ అయిపోయాయి, ఇక ఐదోది క్రీస్తు రాజ్యమే అని ఒక వర్గం నమ్మింది. అందుకే వాళ్లకు ఐదో రాజ్యంవాళ్లన్న పేరొచ్చింది. రాజరికం తిరిగొచ్చాక, 1661 జనవరిలో థామస్ వెన్నర్ అనే పీపాల పనివాడు కొద్దిమందితో లండన్ వీధుల్లో కత్తి దూశాడు. కొన్ని రోజుల్లోనే అంతా అణగారిపోయింది, అతన్ని చంపారు. అయితే ఆ రాయి చేతి సహాయం లేకుండా తీయబడిందని 2వ అధ్యాయం చెబుతుంది. మనిషి చెయ్యి పడని రాయి అది. కత్తి దూసినవాళ్లు ఆ ముక్క దగ్గర ఆగలేదు.

అపోహ: గద్దె మీద ఎవరున్నా దేవుడే కూర్చోబెట్టాడు, కాబట్టి ఎదురు మాట్లాడకూడదు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ హాని చేసిన అపోహ ఇదే. దేవుడు రాజులను నిలబెడతాడని దానియేలు అంటాడు, నిజమే. అదే వాక్యంలో త్రోసివేస్తాడనీ అంటాడు. 3వ అధ్యాయంలో షద్రకు, మేషాకు, అబేద్నెగో రాజాజ్ఞను కాదని అగ్నిగుండానికి సిద్ధపడ్డారు. 6వ అధ్యాయంలో ప్రార్థన నిషేధాన్ని లెక్కచేయనందుకు దానియేలునే సింహాల గుహలో పడేశారు. 4వ అధ్యాయం మరీ ముఖ్యం. బబులోను పట్టణం నేనే కట్టానని విర్రవీగిన రాజు పశువులాగా గడ్డి మేస్తాడు.  ఆ శిక్ష రాకముందే దానియేలు అతనికొక సలహా ఇచ్చాడు. పూజలు చేయమనలేదు, కానుకలు తెమ్మనలేదు. న్యాయం చెయ్యి, బీదలను కరుణించు అన్నాడు. సర్వోన్నతుడైన దేవుడి ఏలుబడి కింద రాజును నిలదీసే కొలత ఆ పుస్తకంలో అదే.

ఈ అపోహనే ఆసరా చేసుకుని దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలకులు రోమా పత్రిక 13వ అధ్యాయాన్ని చూపించి లోబడమన్నారు. 1985లో అక్కడి క్రైస్తవ వేదాంతులు, పాస్టర్లు కలిసి కైరోస్ పత్రం వెలువరించారు. రోమా 13ను అలా వాడటం తప్పని అందులో వాదించారు. ప్రకటన 13వ అధ్యాయాన్ని కూడా పాలకుల ముందు పెట్టారు. ఆ అధ్యాయంలో రాజ్యం దేవుని సేవకురాలిగా కనిపించదు, మృగంగా కనిపిస్తుంది.