బేడీలు - బందోబస్తు

నేరము మోపబడిన వానిని పట్టుకొనుట యొక పని. పట్టుకొన్న వానిని ప్రాణముతో న్యాయస్థానము నెదుట నిలుపుట మఱియొక పని. మొదటి దానికి మెప్పును, పతకమును గలవు. రెండవ దాని సంగతి కీడు మూడిన దినమున దప్ప ఎవ్వరికిని జ్ఞప్తికి రాదు. 2025 అక్టోబరు 17వ తేదీన నిజామాబాదులో అట్టి కీడే మూడినది. వాహనముల దొంగతనము కేసులలో పట్టుబడిన నిందితుని ద్విచక్ర వాహనముపై ఠాణాకు గొనిపోవుచుండగా, ఆతడు కానిస్టేబులు ప్రమోదును కత్తితో పొడిచి చంపి పరారయ్యెనని అభియోగము. ఆ నిందితుడు మరల పట్టుబడి, 20వ తేదీన ప్రభుత్వాసుపత్రిలో పోలీసు కాల్పులకు మరణించెను. ఆయుధమును లాగికొనబోయెనని అధికారులు ప్రకటించిరి. రెండు ప్రాణములు పోయినవి. న్యాయస్థానమున విచారణ మాత్రము జరుగనే లేదు.

ఇట్టి యాపద ఒక్క నిజామాబాదునకే పరిమితమని తలంపరాదు. ఖమ్మము సూర్యాపేటల నడుమ బాటపై నున్న కుసుమంచినే తీసికొందము. కాకతీయుల నాటి గణపేశ్వరాలయముతో పేరుగన్న యీ యూరి ఠాణాలో ఎవడేని అరెస్టయినచో, ప్రయాణకాలము గాక ఇరువదినాలుగు గంటల లోపల వానిని మేజిస్ట్రేటు నెదుట హాజరుపఱుపవలెను. రిమాండు విధింపబడినచో ఖమ్మము జిల్లా జైలునకు చేర్పవలెను. గ్రామ ఠాణాల సంగతి పాఠకు లెఱుగనిది కాదు. జాతర బందోబస్తు ఒక వంక, మంత్రులవారి రాక యొక వంక. జీపు వేఱొక పనిమీద పోయిన దినమున చేతికందిన బండియే దిక్కు. భద్రాచలము దాటి దుమ్ముగూడెము, చర్ల అడవి బాటలలో ఈ చిక్కు ఇంకను హెచ్చు. కుసుమంచి బాటకు అవతలి కొసనున్న సూర్యాపేట బస్సు స్టాండులో, 2015 ఏప్రిల్ 1వ తేదీ రాత్రి, బస్సు సోదా చేయబోయిన కానిస్టేబులును, హోంగార్డును దుండగులు కాల్చి చంపిన సంగతి యీ ప్రాంతమువారు మఱచియుండరు. ఎదుటివాని యొద్ద ఏమి యున్నదో తెలియక మున్ను సమీపించుట యెంత ప్రమాదమో ఆ రాత్రి తెలిపినది.

బేడీలు వేసిన చాలునని కొందఱందురు. చట్టమేమనుచున్నది? 1980లో ప్రేమశంకర శుక్లా కేసున జస్టిస్ కృష్ణయ్యరు తీర్పు వ్రాయుచు, అలవాటుగా ప్రతివానికిని బేడీలు వేయుట అమానుషమనియు, తప్పనిసరియైనచో కారణములు లిఖింపవలెననియు నిర్ణయించిరి. 1995లో సుప్రీంకోర్టు మేజిస్ట్రేటు అనుమతిని గూడ నియమముగా విధించెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షను, పలుమార్లు నేరము చేసినవారికి, కస్టడీ నుండి తప్పించుకొన్నవారికి, హత్య, అత్యాచారము మున్నగు ఘోరనేరముల నిందితులకు బేడీలు వేయవచ్చునని చెప్పుచున్నది. ఇది అనుమతియే గాని ఆజ్ఞ గాదు. ఎవని విషయమున అవసరమో పోలీసు అధికారి ఆలోచించియే తీరవలెను.

బేడీలు వేసినంతనే క్షేమము కలుగునా? 2015 ఏప్రిల్ 7న వరంగల్లు జైలు నుండి హైదరాబాదు కోర్టునకు గొనిపోబడుచున్న అయిదుగురు విచారణ ఖైదీలు ఆలేరు సమీపమున పోలీసు వాహనములోనే కాల్పులకు హతులైరి. వారి చేతులకు బేడీలున్నవి. అయినను ఆయుధము లాక్కొనజూచిరనియే పోలీసులు చెప్పిరి. 2019 డిసెంబరు 6న షాద్‌నగరు చెంత చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు మరణించినప్పుడును అదే కారణము వినవచ్చినది. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కరు కమీషను ఆ కథనమును నమ్మదగినది కాదని తేల్చిన నివేదిక 2022లో వెల్లడియైనది. మన్యమున 1924 మే 7న పట్టుబడిన అల్లూరి సీతారామరాజును విచారణ లేకుండ కాల్చి చంపి, పారిపోజూచెనని పరప్రభుత్వము ప్రకటించెను. ఆంధ్రులు ఆ మాట నమ్మలేదు. పరపాలకులు చెప్పినప్పుడు నమ్మని మాటను, మనవారు చెప్పుచున్నారు గదా యని సాక్ష్యము లేకయే నమ్ముట యుక్తమా?

జవాను క్షేమమును, ఖైదీ క్షేమమును వేఱువేఱు కావని మా యభిప్రాయము. రెంటికిని మార్గమొక్కటే. పట్టుకొన్న వెంటనే నిలువెల్ల సోదా చేయవలెను. కస్టడీ చేతులు మాఱినప్పుడెల్ల మరల చేయవలెను. సోదాకును, ఆయుధముల స్వాధీనమునకును సంహిత 49, 50 సెక్షనులు అధికార మొసగుచున్నవి. స్త్రీని స్త్రీయే మర్యాదతో సోదా చేయవలెను. బేడీలు అవసరమైనచో చేతులు వెనుకకు పెట్టించి వేసి, మణికట్టుపై బిగిసిపోకుండ రెండవ తాళమును వేయవలెను. ద్విచక్ర వాహనముపై నిందితుని తరలించుటను నిషేధింపవలెను. బండి నడుపువాని చేతులు పిడులపై నుండగా తన్ను తాను కాపాడుకొనుట యెట్లు? ఇద్దఱికి తక్కువగాక కావలివారుండవలెను. ఖైదీని పట్టుకొని కూర్చున్నవాని యొద్ద తుపాకి యుండరాదు. తుపాకి గలవాడు ఖైదీ చేతికందని చోట నుండవలెను. బయలుదేఱిన వేళయు, చేరిన వేళయు ఠాణా దినచర్యలో వ్రాయవలెను.

ఇందులకు వాహనములు వలయును, మనుష్యులు వలయును, ధనమును వలయును. నిజమే. కాని చనిపోయిన జవాను కుటుంబమునకు పరిహారమిచ్చు ప్రభుత్వము, ఆతడు చావకుండుటకు ముందుగా వ్యయము చేయలేదా? ప్రజలకును ఒక మాట మనవి చేయుచున్నాము. నిందితుడు కాల్పులలో మరణించిన దినమున బాణసంచా కాల్చి సంతోషించువారు, అట్టి మరణమునకు దారితీసిన ఏర్పాటు లోపమే రేపొక జవాను ప్రాణమును తీయగలదని గ్రహింపవలెను. నిజామాబాదు ఘటన పాతపడకమున్నే ప్రతి ఠాణాకును తరలింపు వాహనమును, తగిన కావలిని సమకూర్చి, ఈ నియమములను ఖచ్చితముగ నమలు జరుపుదురని ప్రభుత్వమువారిని కోరుచున్నాము.