కిటికీ తెరలు

కిటికీకి తెర కట్టుకొనుటయు రేడియోలో చెప్పవలసినంత సంగతియా యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. మూడేండ్ల క్రిందట నేనును అట్లే నవ్వియుందును. ఒక తెర మూలమున మా నాన్నగారిని ఆసుపత్రికి మోసికొనిపోవలసి వచ్చిన పిమ్మట ఆ నవ్వు నాకు పోయినది.

మా యిల్లు హనుమాన్ జంక్షన్ దాపున నున్నది. విజయవాడనుండి ఏలూరు పోవు పెద్దరోడ్డును నూజివీడు, గుడివాడల త్రోవ దాటు చోటు మీలో పెక్కురు ఎఱుగుదురు. ఆంజనేయస్వామి గుడియు అక్కడనే. పూర్వపు పెంకుటింటిని పడగొట్టి కాంక్రీటు డాబా వేసితిమి. పాతయింటి కిటికీలు చిన్నవి. వానికి కొయ్యరెక్కలు, ఎదుట విశాలమైన వసారా, మనిషి వంగి నడువవలసినంత క్రిందికి దిగిన చూరు. ఆ యింట తెర యన్నది ఎవరును ఎఱుగరు, వసారాయే తెర. క్రొత్తయింట ఆ వసారా చోటును కూడ గదిలో కలుపుకొంటిమి. పడమటి గదికి ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల కిటికీ పెట్టి, జరుగు గాజురెక్కలు బిగించితిమి.

గృహప్రవేశమునకు ముందు పట్నములో ఒక దుకాణమునకు పోయి, వెనుక రబ్బరుపూత గల ముదురు ఎఱుపు మఖమలు తెరలు కొంటిమి. ఎండ పొడయైనను లోనికి రాదని దుకాణదారు చెప్పెను. వెలుతురు మాత్రము రాలేదు, అది నిజమే. నాన్నగారు కిటికీకి బయట తాటాకు తడికగాని వెదురు తడికగాని వ్రేలాడదీయుమని రెండు మూడు మాఱులు చెప్పిరి. అంత ధనము పోసి కట్టిన డాబాకు తడిక కట్టినచో పశువులపాక వలె నుండునని నేను త్రోసిపుచ్చితిని. బంధువులు చూచి ఏమనుకొందురో యన్న వెఱపే నాకు మిక్కుటముగా నుండెను.

ఆ యేటి మే నెలలో ఒకనాడు భోజనమైన పిమ్మట ఆయన ఆ గదిలో పరుండిరి. గాజురెక్కలు మూసి, తెర లాగి, పంకా వేసితిమి. ఐదు గంటలకు కాఫీ తీసికొనిపోయిన నా భార్యకు ఆయన మాట తడబడుచున్నట్లు తోచెను. ఒడలు కాలిపోవుచున్నది, చెమట లేదు. తడిగుడ్డలతో ఒడలు తుడుచుచునే ఆసుపత్రికి చేర్చితిమి. అది వడదెబ్బ యనియు, ఎండలో తిరుగనివారికిని వేడెక్కిన గదిలో అది తగులుననియు, డెబ్బది యెనిమిదేండ్ల శరీరము వేడిని త్వరగా విడువజాలదనియు వైద్యులు చెప్పిరి. నాలుగు దినములకు ఆయన ఇల్లు చేరిరి. ఆ సాయంకాలము నేను తెర తొలగించి గాజుపై చేయి వేసితిని, నిలుపలేకపోతిని. తెర వెనుకటి పూతయు అట్లే కాలుచుండెను. మంచముమీదినుండి నాన్నగారు, "అబ్బాయీ, ఎండను ఇంట్లోకి రానిచ్చి, ఆ తరవాత ముసుగేస్తే ఏం లాభం?" అనిరి.

తెరల విషయమున మనము చేయు తప్పులలో పెద్దది ఇదియే. ఎండ గాజును దాటివచ్చి తెరపై పడినప్పుడు తెర వేడెక్కును. అట్లు వేడెక్కిన తెర విడుచు వేడి మరల గాజుగుండ సులువుగా బయటికి పోజాలదు; గదిలోనే నిలిచిపోవును. ముదురు రంగు గుడ్డ మఱింత వేడిని పీల్చును. లేతరంగు గుడ్డ కొంత వెలుగును వెనుకకు మరలించును గనుక కొంత మేలు. అంతకంటె ఎంతో చవుకైన తడికను గాజుకు వెలుపల కట్టినచో ఆ వేడి బయటి గాలిలోనే కలిసిపోవును.

సన్‌షేడ్ ఉన్నది గదా యని కొందఱందురు. మిట్టమధ్యాహ్నము అది పనిచేయును. మే నెల సాయంకాలము ఐదు గంటలకు సూర్యుడు పడమట బాగుగా క్రిందికి దిగియుండును. అప్పుడు రెండడుగుల సన్‌షేడ్ వేయు నీడ జానెడు, మహాయయినచో జానెడు మీద రెండంగుళములు. నాలుగడుగుల కిటికీలో తక్కిన మూడడుగులు ఎండకు విడిచినట్లే. కావున పడమటి కిటికీకి పైనుండి క్రిందివఱకు వ్రేలాడు తడిక కావలెను. తడికకును గోడకును నడుమ జానెడు సందు విడువవలెను. వేడిగాలి ఆ సందులో పైకి పోవును. తడిక క్రింది కొనలను త్రాళ్లతో ఊచలకు బిగింపవలెను. లేనిచో ఈదురుగాలికి కొట్టుకొని గాజు పగులును. తుపాను హెచ్చరిక వినబడగానే విప్పి లోపల పెట్టుటకు వీలుండవలెను. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎఱిగినవారికి ఈ మాట మరల చెప్పనక్కఱలేదు. వెదురు దొరకనివారు నారుమళ్లపై కట్టు పచ్చని నీడవలను రెండు మడతలుగా కట్టుకొనవచ్చును. చూపున కంత బాగుండదు, పని చేయును.

ఉత్తరపు కిటికీకి ఎండ రాదను నమ్మకము మనలో గట్టిగా నున్నది. మన ప్రాంతము భూమధ్యరేఖకు ఉత్తరముగ ఇంచుమించు 16½ డిగ్రీల దూరమున నున్నది. అందుచే మే మొదటివారమున మధ్యాహ్నపు సూర్యుడు సరిగా నడినెత్తిమీదికి వచ్చి, అటుపిమ్మట ఆగస్టు మొదటివారము వఱకు కొంచెము ఉత్తరముననే యుండును. ఆ నెలలలో ఉదయ సాయంకాలముల ఎండ ఏటవాలుగా ఉత్తరపు గదిలోనికి చొరబడును. దక్షిణపు కిటికీకి అప్పుడు ఆ బాధ లేదు. దానికి ఎండ వచ్చునది డిసెంబరులో, అది వృద్ధులకు హాయి. తెర కొనుటకు ముందు ఒక దినమున ఎనిమిది గంటలకు, పండ్రెండు గంటలకు, నాలుగు గంటలకు ప్రతి గదిలో ఎండ పడుచోట సుద్దగీత గీయుడు. అన్ని కిటికీలకు ఒకే గుడ్డ కొనుట యెంత వ్యర్థమో ఆ గీతలే చెప్పును.

వట్టివేళ్ల తడికను గూర్చి అడుగువారు పెక్కురు. పొడి పడమటిగాలి వీచునపుడు దానిని మించినది లేదు. నీరు ఆవిరియగుచు గాలిలోని వేడిని తీసికొనును; ఆ గాలి వేళ్ల సందులగుండ గదిలోనికి వచ్చి, ఎదుటి కిటికీగుండ బయటికి పోవలెను. కొందఱు గాజురెక్కలు మూసి తడికను తడుపుదురు, చల్లదనమంతయు వీధిపాలగును. సముద్రపుగాలి తిరిగిన పిమ్మట తడుపుటవలన ఉక్క పెరుగునే కాని చల్లబడదు, ఏలయనగా ఆ గాలి అప్పటికే తేమతో నిండియున్నది. బందరు వైపువారికి ఈ భేదము మా కంటె బాగుగా తెలియును.

పగటి వడగాలికి మూసిన కిటికీని ప్రొద్దుగ్రుంకిన పిమ్మట తెఱవవలెను గదా. జరుగురెక్కల కిటికీ సగమే తెఱచుకొనును. దానిపై మఖమలు తెర కుచ్చెళ్లుగా చేరినచో ఆ సగములో సగమే మిగులును. కావున తెరకడ్డీని కిటికీకి ఇరువైపుల జానెడేసి పొడుగు పెట్టించి, తెర మొత్తము గోడమీదికి జరుగునట్లు చూచుకొనవలెను. వీధివారి కంటికి మఱుగు మాత్రమే కావలసినచో క్రిందిసగమునకు తీగపై అరతెర చాలును. పైనుండి గాలి వచ్చును. కాలువలు, వరిచేలు గల మన డెల్టాలో కిటికీకి దోమల వల తప్పదు. పెద్దరోడ్డు దుమ్ము పట్టిన వల గోడతో సమానము, నెలకొకమాఱు కడుగుడు.

గుడ్డ మాటకు వత్తును. పెడనలో అచ్చులద్దు నూలు కలంకారీ గుడ్డను నేను మెచ్చుకొందును. కరక్కాయ రసములోను పాలలోను నానబెట్టి, అద్ది, పలుమాఱులు ఉదికి, ఉడికించి తయారుచేసిన గుడ్డ అది. పూర్వము మచిలీపట్నపు రేవునుండి ఓడలెక్కిన అద్దకపు గుడ్డలను ఐరోపావారు మంచములకును కిటికీలకును తెరలుగా కట్టుకొనిరి. వాని ధాటికి తమ నేతగాండ్రు చెడుదురని ఫ్రాన్సులో 1686 నుండి 1759 వఱకు ఇట్టి గుడ్డలను నిషేధించిరి. ఇంగ్లండులోను 1700, 1721 సంవత్సరములలో శాసనములు చేసిరి. ఆ గుడ్డ మనకు గుడివాడ దాటినచో దొరకుచుండగా నేను రబ్బరుపూతకు పోయితిని! ఐనను దానిని తిన్నని ఎండలో కట్టరాదు. పసుపువన్నె ముందుగా వెలసిపోవును. వెలుపలి తడిక నీడలో కట్టుడు. నూలుగుడ్డను కుట్టించుటకు ముందు ఒకమాఱు తడిపి ఆరవేయవలెను. లేనిచో మొదటి చాకిరేవుకే కుఱుచయగును.

పసిపిల్లలున్న యింట త్రాడు లాగి పైకి చుట్టు తెరలను పెట్టకుడు. వ్రేలాడు త్రాటి ఉచ్చు మెడకు పడి పిల్లలు ప్రాణములు కోల్పోయినారు. అమెరికాలో 2018 డిసెంబరునుండి దుకాణములలో తయారుగా అమ్ము తెరలకు అందుబాటున పొడుగు త్రాడు ఉండరాదని కట్టడి చేసిరి. ఇదివఱకే కొన్నవారు త్రాటిని పిల్లలకందని ఎత్తున మేకుకు చుట్టుడు. వంటయింట పొయ్యిప్రక్క కిటికీకి ఏ గుడ్డయు వలదు.

మా పడమటి కిటికీకి ఇప్పుడు వెదురు తడిక వ్రేలాడుచున్నది. లోపల పెడన గుడ్డ. మఖమలు తెరలను ధాన్యపు గాదెపై కప్పితిమి. నాన్నగారు మధ్యాహ్నమున ఆ గదిలోనే పరుండుచున్నారు. ఐదు గంటలకు తామే లేచి, తడిక క్రిందనుండి చేయి చాచి గాజును తాకి చూచెదరు.